చెరువు ఒడ్డున కొయ్య ఇల్లు



మాది ఆండిపట్టి. ఇప్పుడు తేని జిల్లాలో ఉంది, మా చిన్నతనంలో మధుర జిల్లాలో ఉండేది. మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం. బడిలో నేను తమిళంలో పాఠం చెబుతాను. మా పెద్దలు విజయనగర రాజుల కాలంలోనూ, మధుర నాయకుల కాలంలోనూ ఇటు వచ్చి స్థిరపడ్డారని చెప్పుకుంటాం. సరిహద్దు జిల్లాల్లో ఉండి వింటున్న మీకు మా తెలుగు కాస్త వింతగా వినిపించవచ్చు. మధ్యలో ఒక తమిళ మాట దొర్లితే మన్నించండి. రెండు భాషల మధ్య బ్రతికే మన అందరికీ ఆ అలవాటు ఉన్నదే.

ఈనాడు మీతో చెప్పదలచుకున్న విషయం చెరువు ఒడ్డున కొయ్యతో ఒక చిన్న ఇల్లు కట్టుకోవడం గురించి. ఇది డబ్బున్నవాళ్ళ సరదా కదా, మనకెందుకు అనుకోకండి. మా ఇంట్లో ఈ ప్రశ్న సరదాగా రాలేదు. మా నాయన పోయిన తరువాత పాత ఇల్లు విప్పవలసి వచ్చింది. దాని గోడలు మట్టివి, ఒక వైపు కూలిపోయాయి. పైకప్పు మాత్రం గట్టిగా ఉంది. తాటి దూలాలు, తాటి వాసాలు, వేప గుమ్మాలు, నాలుగు టేకు స్తంభాలు. మా తాత కాలం నాటివి. ఇటుకల బట్టీ అతను వచ్చి, కట్టెల లెక్కన తూకం వేసి తీసుకుంటానన్నాడు.

ఊరి బయట చెరువు అంచున మాకు కొద్దిపాటి పట్టా నేల ఉంది. చెరువును మా వైపు కణ్మాయి అంటారు. మా తమ్ముడు కోయంబత్తూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు, "అన్నా, ఆ కట్టెలు బట్టీకి ఇచ్చేద్దాం. చెరువు అంచునే సిమెంటుతో రెండు గదులు వేసి, సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకు ఇద్దాం. నీళ్ళు ఎంత దగ్గరగా ఉంటే అంత గిరాకీ" అన్నాడు. నాకేమో ఆ కొయ్యతోనే ఇల్లు కట్టాలని ఆశ. ఇద్దరం వాదించుకుంటూ ఉంటే, మా మేనత్త ఒక్క మాట అడిగింది. "ఒరే అబ్బయ్యా, ఇల్లు దేనితో కడతారో తరువాత చూద్దాం. చెరువు నిండితే నీళ్ళు ఎందాకా వస్తాయో మీ ఇద్దరిలో ఎవరికైనా తెలుసునా?"

మాకిద్దరికీ తెలియదు. ఆ చెరువు పూర్తిగా నిండి అలుగు పారగా చూసిన జ్ఞాపకం మాకు లేదు. అత్తకు ఉంది. పొలంలో ఉన్న ముసలి వేపచెట్టును చూపించి, "నా పెళ్ళినాటికి దాని మొదట్లో నీళ్ళు" అన్నది. తమ్ముడు ఇల్లు వేద్దామన్న చోటు ఆ వేపచెట్టుకు, నీటికి నడుమ ఉంది.

శ్రోతలారా, చెరువు ఒడ్డున ఇల్లు అనగానే మనం ముందు కిటికీలు, వసారా, రంగులు తలచుకుంటాం. ముందు తలచుకోవలసింది నీటి గురించి. చెరువుకు ఒక నిండు మట్టం ఉంటుంది. అలుగు మీదుగా నీరు పొర్లడం మొదలయ్యే ఎత్తు అది. మనం అలుగనీ, కలుజు అనీ అనేదాన్నే తమిళంలో కలింగు అంటారు. ఆ ఎత్తులో చెరువు చుట్టూ ఒక గీత గీస్తే, ఆ గీత లోపల ఉన్నదంతా చెరువే. పదేళ్ళు ఎండిపోయి పల్లేరు మొలిచినా అది చెరువే. మాకు దగ్గరలోనే వైగై ఆనకట్ట ఉంది. 1959లో ప్రారంభమైంది. దాని నిండు మట్టం 71 అడుగులు. నీరు 66 అడుగులకు చేరగానే ఒడ్డువారికి మొదటి వరద హెచ్చరిక చేస్తారు. 68న్నర అడుగులకు రెండోది, 69కి మూడోది. పెద్ద జలాశయానికి ఇలా లెక్క చెప్పేవాళ్ళు ఉన్నారు. మన ఊరి చెరువుకు లెక్క చెప్పేది మేనత్తలూ, వేపచెట్లూ మాత్రమే.

చట్టం సంగతి కూడా చెబుతాను. కేంద్ర ప్రభుత్వం 2017లో చిత్తడి నేలల రక్షణ నియమాలు తెచ్చింది. వాటి కిందికి వచ్చే సరస్సుల దగ్గర, గడచిన పదేళ్ళ సగటు అధిక వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల శాశ్వత కట్టడాలు కూడదు. సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు తవ్వుకున్న చెరువులు ఆ నియమాల కిందికి రావు. కానీ తమిళనాడులో చెరువుల రక్షణకు, ఆక్రమణల తొలగింపుకు 2007 నాటి చట్టం వేరే ఉంది. హైదరాబాదులో 2024లో హైడ్రా అనే సంస్థను పెట్టి చెరువుల నిండు మట్టం లోపల కట్టిన ఇళ్ళను కూల్చడం మీరు వార్తల్లో వినే ఉంటారు. ఆ ఇళ్ళలో చాలావాటికి కాగితాలు ఉన్నాయి. నీళ్ళు కాగితాలు చదవవు. అందుచేత నా సలహా ఇది. మీ చెరువుకు ఏ నియమం వర్తించినా వర్తించకపోయినా, నిండు మట్టం గీత నుంచి 50 మీటర్లు మీ అంతట మీరే వదిలిపెట్టండి. తాలూకా కార్యాలయంలో పటం చూసి, సర్వే రాళ్ళు చూసి, ఊళ్ళో ముసలివాళ్ళను అడిగి, ఆ తరువాతే మేకు దిగ్గొట్టండి.

ఇక కొయ్య సంగతి. "నీళ్ళ పక్కన కొయ్యా? పుచ్చిపోదూ?" అని అందరూ అడుగుతారు. నేను బడిలో పిల్లలను ఎదురు ప్రశ్న అడుగుతాను. పాత బావుల అడుగున ఉసిరి చెక్క వేసేవారు కదా, అది ఎందుకు పుచ్చిపోలేదు? పూడిక తీసినప్పుడు చూస్తే ఏళ్ళ తరబడి నీటిలో ఉన్న చెక్క గట్టిగానే ఉంటుంది. మా తాత ఇంటి వాసాలూ పుచ్చలేదు, అవి ఎప్పుడూ నీరు తగలనివి. పూర్తిగా మునిగిన కొయ్యకు గాలి అందదు, అందుకని పుచ్చు పట్టదు. పూర్తిగా ఆరిన కొయ్యలో తేమ ఉండదు, అందుకనీ పుచ్చు పట్టదు. తడీ గాలీ రెండూ అందేచోటనే కొయ్య చెడుతుంది. కంచె గుంజ నేల మట్టం దగ్గర విరగడం మీరు ఎన్నిసార్లు చూశారో గుర్తు చేసుకోండి. పైన బాగుంటుంది, లోతున బాగుంటుంది, నేలను తాకే జానెడు చోట మాత్రం మెత్తబడిపోతుంది. కొయ్యలో తేమ నూటికి 20 పాళ్ళకు లోపలే ఉంచగలిగితే బూజు జాతి దాన్ని తినలేదు.

కనుక కొయ్య ఇంటికి మొదటి సూత్రం, కొయ్య మట్టిని తాకకూడదు. దీనికి గొప్ప సాక్ష్యం నార్వే దేశంలో ఉంది. అక్కడి పాత కొయ్య చర్చీలకు స్తంభాలను నేలలో పాతారు. అవి పుచ్చి పోయాయి. తరువాతి వాళ్ళు రాతి వరుస మీద దూలం పరచి, దాని మీద స్తంభాలు నిలబెట్టారు. అలా కట్టిన బోర్గుండ్ చర్చి 800 ఏళ్ళకు పైగా నిలిచి ఉంది. అంత దూరం ఎందుకు, కన్యాకుమారి జిల్లాలో పద్మనాభపురం రాజభవనం చూడండి. 17వ శతాబ్దం తొలినాళ్ళలో మొదలైన కొయ్య భవనం అది. పట్టినన్ని వానలు పట్టే నేల అది. రాతి పునాది, పొడుగాటి చూరు, గాలి ఆడే జాలీ గోడలు, ఈ మూడే దాన్ని కాపాడాయి. మా తాత ఇంటి అరుగు మీది స్తంభాలు కూడా రాతి పీటల మీద నిలిచినవే. చిన్నప్పుడు ఆ పీట మీద కూర్చుని చద్ది తినేవాణ్ణి. అది అందానికి పెట్టిన రాయి అనుకున్నాను. అదే ఇంటికి ప్రాణమని ఇల్లు విప్పిన రోజున తెలిసింది.

ఇప్పుడు మీకు మా నమూనా చెబుతాను. కాగితం, పెన్సిలు ఉంటే వేసుకోండి. తూర్పు పడమరలుగా పొడవు 20 అడుగులు, వెడల్పు 12 అడుగులు. అంటే 240 చదరపు అడుగులు. ఉత్తరాన చెరువు ఉంది కనుక ఆ వైపు 6 అడుగుల వసారా. ఇల్లంతా రాతి కంబాల మీద నేలకు రెండున్నర, మూడు అడుగుల ఎత్తున నిలుస్తుంది. మా వైపు నల్లరాయి కొరత లేదు. రాతి కంబం తలమీద, కొయ్య దిగే చోట, అంచులు కిందికి వంచిన ఒక రేకు పెడతాం. చెద మట్టి గొట్టం కట్టుకుంటూ పైకి పాకుతుంది. ఆ రేకు అంచు దగ్గర అది చుట్టూ తిరిగి బయటికి రావాలి, అప్పుడు మన కంటపడుతుంది. రేకు చెదను చంపదు. దాన్ని దాక్కోనివ్వదు, అంతే. నెలకొకసారి కిందికి వంగి చూసి చీపురుతో దులిపే మనిషి మాత్రం కావాలి. ఇంటి కింద కట్టెలూ గోతాలూ పేర్చకూడదు. అక్కడ గాలి ఆడాలి, వెలుతురు కనపడాలి. అప్పుడు పాముల భయమూ తగ్గుతుంది.

మూడు అడుగుల ఎత్తు పెట్టాం కదా, ఇంకాస్త ముందుకు జరిగి నీటి అంచునే కట్టవచ్చు కదా అని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఎత్తు పెట్టేది నేల తేమ కోసం, చెద కోసం, ఒక్క రాత్రి కురిసే కుంభవృష్టి కోసం. చెరువు నేలను ఆక్రమించుకోవడానికి కాదు. పైగా నిండు మట్టం లోపలి నేల నానితే మెత్తబడి కంబాలు ఒరుగుతాయి. ఒక కంబం అంగుళం దిగితే తలుపు పట్టదు, రెండంగుళాలు దిగితే పెంకులు జారతాయి.

ఏ కొయ్య వాడాలి? మన దేశంలో కేంద్ర ప్రజా పనుల శాఖ 1993లో తన కట్టడాల్లో కొయ్య వాడకాన్ని నిషేధించింది. అడవులు కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. ఆ చోటును సిమెంటు, ఇనుము, అల్యూమినియం, ప్లాస్టిక్ ఆక్రమించాయి. 2020లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. ప్రపంచంలో మనుషుల వల్ల గాలిలోకి పోయే బొగ్గుపులుసు వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్ళు సిమెంటు తయారీ నుంచే వస్తున్నాయని లెక్క. చెట్టు ఆ వాయువునే పీల్చుకుని కొయ్యగా మారుస్తుంది. ఒక ఘనపు మీటరు కొయ్యలో సుమారు ఒక టన్ను వాయువు బందీ అయి ఉంటుంది. ఆ కొయ్యను బట్టీలో కాల్చిన నాడు అదంతా తిరిగి గాలిలోకి పోతుంది. ఇంట్లో దూలంగా నిలబెడితే ఇంకో రెండు తరాల దాకా మనతోనే ఉంటుంది. మా తాత దూలాలను బట్టీకి ఇవ్వకపోవడానికి ఒక కారణం అనుబంధం, రెండో కారణం ఈ లెక్క.

అందుచేత మొదటి వంతు పాత కొయ్యకు ఇవ్వండి. విప్పిన ఇళ్ళ దూలాలు ఏనాడో ఆరినవి, ఇక వంకర తిరగవు. అమెరికాలో థోరో అనే రచయిత 1845లో వాల్డెన్ మడుగు ఒడ్డున 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున ఒక కొయ్య గది కట్టుకున్నాడు. పలకల కోసం రైలు మార్గం పనివాడి పాత గుడిసె కొని, విప్పి, ఎండబెట్టి వాడుకున్నాడు. మొత్తం ఖర్చు 28 డాలర్ల 12న్నర సెంట్లు అని పైసాతో సహా పద్దు రాసిపెట్టాడు. రెండేళ్ళ రెండు నెలల రెండు రోజులు అందులో ఉన్నాడు. మనకూ అలాంటి పద్దు పుస్తకం ఒకటి ఉండాలి.

పాతది చాలకపోతే కొత్తది. కొత్తది కొనేటప్పుడు చేవ చూసి కొనండి. చేవ ఉన్న మనిషి అని మనం ఊరికే అనలేదు. చెట్టు నడిమి భాగం ముదిరి, రంగు దేరి, పురుగుకు లొంగనిదై ఉంటుంది. అదే చేవ. అంచున ఉండే తెల్ల కొయ్యలో పిండి పదార్థం ఉంటుంది, పురుగుకు అదే పండుగ. తాటిలో ఇది తిరగబడి ఉంటుంది. తాటి మాను అంచు నల్లగా ఇనుములా ఉంటుంది, నడుము మెత్తని దవ్వ. కొబ్బరీ అంతే. తోటల్లో కాపు ఉడిగిన ముసలి కొబ్బరి చెట్లను ఎలాగూ తీసేస్తారు. వాటి మొదలు వైపు, అంచు కొయ్య నేల పలకలకు బాగుంటుంది. తాటిచెట్టును మాత్రం కొత్తగా కొట్టించకండి. అది తమిళనాడు రాష్ట్ర వృక్షం. దాన్ని నరకాలంటే కలెక్టరు అనుమతి కావాలని 2021లో ప్రభుత్వం ప్రకటించింది. టేకు అయితే మీ సొంత నేలలో పెరిగినదైనా సరే, నరికే ముందు, తరలించే ముందు అటవీ శాఖ కార్యాలయంలో అడగండి. మన వేగిసనే ఇక్కడ వేంగై అంటారు, మద్దిని మరుతం అంటారు. బజారులో పేరు మారితే కొయ్య మారినట్లు కాదు.

కొత్త కొయ్యను నీడలో, గాలి ఆడేచోట, పలకకూ పలకకూ నడుమ బద్దె పెట్టి పేర్చి ఆరబెట్టాలి. అంగుళం మందానికి నెలల తరబడి ఓపిక కావాలి. మా వైపు గాలికి నూటికి 12 పాళ్ళ తేమ దాకా ఆరితే మంచిది. ఆరని కొయ్యతో కట్టిన ఇల్లు కట్టాక ఆరుతుంది. అప్పుడు పలకల నడుమ వేలు పట్టే సందులు వస్తాయి, మేకులు వదులవుతాయి.

పురుగు మందు విషయంలో చెరువు ఒడ్డువారికి ఒక హెచ్చరిక. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు ఒకటి ఉంది. కొయ్యకు పచ్చని ఛాయ ఇస్తుంది, ఏళ్ళ తరబడి కాపాడుతుంది. ఆర్సెనిక్ అంటే పాషాణం. అమెరికాలో 2003 చివరికి ఇళ్ళ కోసం వాడే కొయ్యకు దాన్ని వేయడం మానుకున్నారు. పశువులు తాగే నీటి పక్కన మనకు అది వద్దు. కప్పు కింద ఉండే కొయ్యకు వెలిగారం, బోరిక్ ఆమ్లం చాలు. వంద లీటర్ల నీటికి మూడు కిలోల వెలిగారం, రెండు కిలోల బోరిక్ ఆమ్లం కలిపి, పచ్చి పలకలను అందులో నానబెట్టి, ప్లాస్టిక్ పట్టా కప్పి కొన్ని వారాలు ఉంచితే, తేమతో పాటే మందు లోపలికి పాకుతుంది. వాన తగిలేచోట ఇది పనికిరాదు, కడుక్కుపోతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి, మిగిలిన మందు నీళ్ళు చెరువు వైపు పారబోయకండి. వాన తగిలే కొయ్యకు ఏడాదికొకసారి అవిసె నూనె పట్టించండి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి, విప్పి ఆరేయాలి. ఇది చాలామందికి తెలియని ప్రమాదం.

ఇక ఎండ, గాలి, వాన. ఆండిపట్టి భూమధ్య రేఖకు ఉత్తరాన సుమారు 10 డిగ్రీల మీద ఉంది. ఏప్రిల్ నడుమ, ఆగస్టు చివర సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్య నెలల్లో మధ్యాహ్నం కాస్త ఉత్తరానికి వాలి ఉంటాడు. కనుక మనకు ఎండ అంటే ప్రధానంగా కప్పు మీది ఎండ, పొద్దుటి తూర్పు ఎండ, సాయంత్రపు పడమటి ఎండ. తూర్పు పడమటి గోడలు చిన్నవిగా, ఉత్తర దక్షిణ గోడలు పొడుగ్గా పెట్టింది అందుకే. పెంకుల కింద పలకల మాళిగ వేసి, రెంటి నడుమ గాలి పోయే సందు విడిచిపెడితే ఆ వేడి లోపలికి దిగదు. కొయ్య గోడ పలుచన కనుక వేడిని దాచుకోదు. పొద్దు గుంకిన గంటకే ఇల్లు చల్లబడుతుంది. సిమెంటు గది అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుంది కదా.

ఆండిపట్టి కనుమ గాలి పేరు పడ్డ గాలి. ఆని, ఆడి నెలల్లో, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, పడమటి కొండల సందులోంచి దూసుకొస్తుంది. ఆ గాలి చూసే మా జిల్లాలో గాలిమరలు పెట్టారు. తేలిక ఇంటికి ఆ గాలే గండం. గాలి కప్పును కిందికి నొక్కదు, పైకి లేపుతుంది. అందుచేత వాసాన్ని దూలానికి, దూలాన్ని స్తంభానికి, స్తంభాన్ని రాతి కంబానికి, కంబాన్ని పునాదికి తుప్పు పట్టని ఇనుప పట్టీలతో, బోల్టులతో వరుసగా కట్టాలి. ఈ వరుసలో ఒక్క ముడి లేకపోతే మిగతావి ఉన్నా లేనట్టే. పడమటి వైపు కిటికీలు చిన్నవి, గట్టి రెక్కలవి.

మాకు వాన ఎక్కువగా ఐప్పసి, కార్తీక మాసాల్లో ఈశాన్యం నుంచి వస్తుంది. వసారా ఉన్న వైపే జల్లు కొడుతుందన్న మాట. చూరు మూడు అడుగులు బయటికి రావాలి. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా దోనెలో పట్టి తొట్టికి మళ్ళించాలి. దక్షిణపు వాలు మీద సౌర పలకలు పెట్టుకుంటే, పది డిగ్రీల వాలు చాలు, రెండు దీపాలకు, పంకాకు ఇబ్బంది ఉండదు.

చివరిగా, అందరూ చివరకు వదిలేసే సంగతి, మరుగుదొడ్డి. చెరువు అందం చూడటానికి ఇల్లు కట్టి, ఆ చెరువులోకే మురుగు వదిలితే ఆ అందం ఎన్నాళ్ళు? మరుగుదొడ్డి చెరువుకు ఎదురు వైపు, ఇంటి వెనక ఉండాలి. నేల నీరు పైపైనే ఉండే చోట గుంత తవ్వితే మురుగు నేరుగా ఊటలో కలుస్తుంది. అలాంటి చోట నేల మీద కట్టిన ఎరువు మరుగుదొడ్డి మేలు. తిరుచ్చి జిల్లా ముసిరిలో ఇలాంటివి ఊరంతా వాడే విధంగా కట్టి చూపించారు. మలమూత్రాలు వేరుగా పడతాయి, బూడిద చల్లుతారు, నెలలు గడిచాక ఎరువవుతుంది. స్నానం నీళ్ళు, వంట నీళ్ళు కంకర పరచిన కాలువలో మెట్టతామర మొక్కల వేళ్ళ మధ్య నుంచి పోనిస్తే అక్కడే ఇంకిపోతాయి. పొయ్యి ఉన్న మూలన మాత్రం కొయ్య వద్దు, ఇటుక గోడ పెట్టండి.

శ్రోతలారా, మీరు గమనించే ఉంటారు. నేను చెప్పినదాంట్లో కట్టడం తక్కువ, వదలడం ఎక్కువ. నీటికి 50 మీటర్లు వదలడం, నేలకూ ఇంటికీ నడుమ మూడు అడుగులు వదలడం, పెంకుకూ మాళిగకూ నడుమ సందు వదలడం, కొయ్య ఆరడానికి నెలలు వదలడం. కొయ్యకు గాలి, నీటికి చోటు. ఈ రెండూ ఇవ్వగలిగితే ఆ ఇల్లు నిలుస్తుంది. ఇవ్వలేకపోతే ఎంత ఖరీదైన టేకు తెచ్చినా పది వానలకు మించదు.

మా ఇల్లు ఇంకా పూర్తి కాలేదు. వేపచెట్టుకు వెనక, దూరం కొలిచి, రాతి కంబాలు నిలబెట్టాం. తాత దూలాలు పట్టా కింద పేర్చి ఉన్నాయి. వడ్రంగి ఒక్కొక్కదాన్ని సుత్తితో తట్టి, మోత విని, పనికొచ్చేవాటికి సుద్దతో గీత పెట్టాడు. నలభై ఒక్క వాసాల్లో ముప్పై నాలుగు పనికొచ్చాయి. మిగిలిన ఏడింటిని బద్దెలుగా కోయిస్తున్నాం. మా తమ్ముడికి ఇంకా పూర్తిగా నచ్చలేదు. "ఇంత వెనక్కి జరిగితే నీళ్ళు ఏం కనపడతాయన్నా?" అంటాడు. వాడి బాధ నాకు అర్థమవుతుంది. వాడికి అప్పు ఉంది, అద్దె రావాలి. నేను వాడికి వాగ్దానం ఏమీ చేయలేను. పోయిన కార్తీకంలో చెరువు సగమే నిండింది. వేపచెట్టు మొదట్లోకి నీళ్ళు రాలేదు. మా జీవితకాలంలో రాకపోనూవచ్చు.

కానీ అత్త ఆ రోజు అక్కడికి వచ్చి, కంబాల నడుమ నిలబడి చెరువు వైపు చూసి, "ఆఁ, ఇక్కడైతే దానికి దారి ఉందిరా" అన్నది. చెరువుకు దారి ఉందని ఆమె మాట. ఇంట్లో ఉండేవాళ్ళ గురించి ఒక్క మాటా అనలేదు. మా తమ్ముడు ఆ పూట మారు మాట్లాడలేదు. మరునాడు కోయంబత్తూరు బస్సు ఎక్కే ముందు, వసారా వెడల్పు ఆరు అడుగులు చాలదు, ఎనిమిది పెట్టు, మంచం పడాలి అని చెప్పి వెళ్ళాడు.

మీ ఊళ్ళో కూడా పాత ఇళ్ళు విప్పుతూ ఉంటారు. ఆ దూలాలను తూకానికి ఇచ్చే ముందు ఒక్కసారి సుత్తితో తట్టి వినండి. మీ ఊరి చెరువు నిండితే ఎందాకా వస్తుందో తెలిసిన ముసలివాళ్ళు ఉండగానే అడిగి, అక్కడ ఒక రాయి పాతండి.